కృపానందం గారి ఫిల్టరు, నూట నాలుగో సవరణ

కృపానందం గారు ఏ వస్తువునైనా చూడబోయే ముందు అది కంటికి కనపడాలా వద్దా, కనపడితే ఏ రంగులో ఎంత సైజులో కనపడాలి అన్నది తీర్మానించుకునే మనిషి. దేవుడు ఆరు రోజుల్లో సృష్టి అంతా చేసి ఏడోరోజు విశ్రాంతి తీసుకున్నాడు కదా, ఆ ఏడోరోజు కూర్చుని దానికొక ఫిల్టరు రాసి ఉండాల్సింది అన్నది ఆయన అభిప్రాయం. దేవుడు చెయ్యకుండా వదిలేసిన ఆ పనిని ఈయన ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకి మా డైనింగ్ టేబుల్ మీద చేస్తారు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. మేం ముగ్గురం కంప్యూటర్లో ఒక ఆట ఆడతాం. అందులో మన మనిషి గుహల వెంట రాక్షసుల్ని చంపుకుంటూ పోతాడు. చచ్చిన ప్రతి రాక్షసుడి ఒంట్లోంచీ కత్తులూ బూట్లూ ఉంగరాలూ చెరుకు లారీ బోల్తా పడ్డట్టు రాలతాయి. ఎవరు ముందు నొక్కితే వాళ్ళవి. వాటిలో నూటికి తొంభైతొమ్మిది చెత్త. ఆ చెత్త పేర్లు తెరంతా కమ్మేస్తే, వెనకాల ఇంకా బతికున్న రాక్షసుడు కనపడక మనం చస్తాం. దీనికి విరుగుడు లూట్ ఫిల్టరు. మామూలు టెక్స్ట్ ఫైలు. ఫలానా బూట్లు చూపించు, ఫలానా కత్తి దాచెయ్యి, ఈ ఉంగరానికి ఎరుపు వెయ్యి, ఆ రాయి పడితే గంట కొట్టు అని వరసగా రాసుకుంటూ పోవచ్చు. దాచేసిన వస్తువు అక్కడే పడి ఉంటుంది, మన తెర మీద మాత్రం ఉండదు. లోకంలో లక్షలమంది ఎవరో రాసిపెట్టిన ఫిల్టరు దించుకుని హాయిగా ఆడుకుంటున్నారు. మాకు కృపానందం గారు రాస్తారు. మేం వేచి ఉంటాం.

మేం అంటే నేనూ, మా బావమరిది కిరీటీ. నేను డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెబుతాను. భవానీపురంలో ఒక అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు. కృపానందం గారిది మా నెత్తిమీద మూడో అంతస్తు. గవర్నర్‌పేటలో హోల్‌సేల్‌గా నట్లూ బోల్టులూ అమ్మే కొట్లో మేనేజరు. కిరీటికి పామర్రులో ట్రాక్టరు స్పేర్ పార్టుల షాపుంది. వారమంతా అక్కడ ఉండి, ఆదివారం భోజనం కాగానే లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని బస్సెక్కి వచ్చేస్తాడు. మా ఆవిడ సింధూరి తమ్ముడు గనక టిఫిను ప్లేట్లో నాకంటే రెండు బజ్జీలు ఎక్కువ పడతాయి. దాని మీద నాకు ఏ అభ్యంతరమూ లేదని ఇప్పటికి చాలాసార్లు చెప్పాను.

కృపానందం గారి ఆట తీరు గురించి చెప్పుకోవాలంటే, ఆయన ఆడరు. ఒక రాక్షసుణ్ణి చంపుతారు. వాడు వెల్లకిలా పడి ఉండగానే ఆట ఆపేసి ఫైలు తెరుస్తారు. ఒక అక్షరం దిద్దుతారు. మళ్ళీ వచ్చి ఇంకోణ్ణి చంపుతారు. ఈ లెక్కన మూడేళ్ళలో నా విలుకాడు తొంభై నాలుగో మెట్టుకీ, కిరీటి గద పట్టిన వస్తాదు తొంభై ఆరుకీ వెళితే, కృపానందం గారి మంత్రగాడు ముప్ఫై ఒకటో మెట్టు మీద చిరిగిన టోపీతో, కాళ్ళకి చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడు. "మీ వాడికి కనీసం ఒక జత బూట్లన్నా తొడగండి" అని నేను బతిమాలితే, "వీడికేం తొందర మాస్టారూ, ముందు రూల్సు కుదరనివ్వండి" అనేవారు.

రంగుల సంగతి ఇంకో చరిత్ర. ఆట కొత్త సీజను మొదలైన రోజున ప్రపంచమంతా నలభయ్యో మెట్టు దాటిపోతే, మేం ముగ్గురం ఒక రాయి పేరు వంకాయ రంగులో ఉండాలా, నేరేడు పండు రంగులో ఉండాలా అన్న చర్చలో ఉన్నాం. నాకు రెండూ ఒకటే అన్నాను. ఆయన చాలా సేపు నావైపు జాలిగా చూశారు. ఆ సాయంత్రం వంకాయకీ నేరేడుకీ తేడా నాకు చూపించడం కోసం రెండూ కొనుక్కొచ్చారు. నేరేడు కిలో తిని నేను ఓటు వేశాను.

ఇక చప్పుళ్ళు. ఏ వస్తువు పడితే ఏ చప్పుడు రావాలో మనమే రికార్డు చేసి పెట్టుకోవచ్చని తెలిసిన రోజు మా పాలిట దుర్దినం. మంచి బూట్లు పడితే ప్రెషర్ కుక్కర్ విజిలు పెట్టారు. మా డైనింగ్ టేబులుకీ వంటింటికీ మధ్య గోడ లేదు. సింధూరి పప్పు పెట్టినప్పుడల్లా మేమిద్దరం బూట్ల కోసం వెతికేవాళ్ళం. మేం బూట్లు ఏరుకున్నప్పుడల్లా ఆవిడ వచ్చి స్టవ్ ఆపేసేది. ఆ ఏడాది మేం తిన్న పప్పులో సగం ఉడకలేదు. అన్నిటికన్నా విలువైన రాయి పడితే మాత్రం ఆయన భార్య హెప్సిబా గారి గొంతుతో "ఏవండీ" అని వినపడుతుంది. ఆ పిలుపు మూడేళ్ళలో మూడుసార్లు విన్నాం. రెండుసార్లు నిజంగా ఆవిడే వచ్చారు.

ఆయన ఫోన్లో కూడా మనిషికో చప్పుడు. నేను ఫోన్ చేస్తే ఏం మోగుతుందో చాలా కాలం చెప్పలేదు. చివరికి హెప్సిబా గారే బయటపెట్టారు. బకెట్లోకి కుళాయి నీళ్ళు పడే చప్పుడట. "మీరు మాట్లాడటం మొదలుపెడితే నిండేదాకా ఆగరు కదా అన్నయ్యగారూ, అందుకని" అన్నారావిడ, ఏమాత్రం సంకోచం లేకుండా.

ఇవన్నీ భరించవచ్చు. భరించలేనిది వాఙ్మూలం. నెలకోసారి నన్ను ఒక్కణ్ణీ, కిరీటిని ఒక్కణ్ణీ విడివిడిగా బాల్కనీలో కూర్చోబెట్టి, నోటు పుస్తకం తెరిచి ప్రశ్నలు వేసేవారు. "మాస్టారూ, మీకు బూట్లంటే ఎంత ఇష్టం? బూట్లా, అమ్ములపొదా అంటే ఏదంటారు? ఇది దొరక్కపోతే మీకు ఎన్నాళ్ళు గుర్తుంటుంది?" రెండో ప్రశ్న దాకా నేను విద్యావంతుడిలాగానే సమాధానం చెప్పేవాణ్ణి. మూడోదానికి ఒళ్ళు మండేది. బూట్లు దొరక్కపోతే ఎన్నాళ్ళు గుర్తుంటుందని ఏ నాగరిక సమాజంలో ఎవరైనా అడుగుతారా? "మూడు రోజులు" అని చెప్పి లేచొచ్చేసేవాణ్ణి. ఆయన శ్రద్ధగా రాసుకునేవారు.

ఆ తరవాత ప్రతి ఆదివారం కొత్త వెర్షను. పెన్‌డ్రైవులో తెచ్చి తన చేత్తోనే మా లాప్‌టాప్‌లలోకి ఎక్కిస్తారు. మమ్మల్ని ముట్టుకోనివ్వరు. మూడింటికి కూర్చుంటే అది ఎక్కి, ఆయనకి తృప్తి కలిగి, ఆట మొదలయ్యేసరికి నాలుగున్నర. ఆరింటికి కిరీటి బస్సు. వారానికి గంటన్నర ఆట కోసం గంటన్నర ఫిల్టరు. మన రాజ్యాంగాన్ని కూడా ఇంత తరచుగా సవరించలేదండీ అని నేనంటే, "దాన్ని వారం వారం పరీక్షించలేదు కదండీ" అన్నారు.

మరి ఎందుకు భరించానని మీరు అడగవచ్చు. దానికొక కారణం ఉంది, అది నాకు గర్వకారణం కాదు.

రెండున్నరేళ్ళ కిందట, ఇంకా ఎవరి ఇష్టం వచ్చిన ఫిల్టరు వాళ్ళం వాడుకుంటున్న రోజుల్లో, కిరీటి ఇరవై నిమిషాలు పోరాడి ఒక రాక్షసరాజుని చంపాడు. ఆ రాజు ఒంట్లోంచి ఒక ఉంగరం పడింది. నేను తీసుకున్నాను. కిరీటి ఇమ్మన్నాడు. నిబంధనల ప్రకారం ముందు నొక్కినవాడిదే అన్నాను. నలభై రెండేళ్ళ లెక్చరర్ని నేనూ, ఇద్దరు పిల్లల తండ్రి కిరీటీ, అసలు లేని ఒక ఉంగరం గురించి ఏడు నెలలు మాట్లాడుకోలేదు. మా అమ్మాయి చిన్ని పుట్టినరోజుకి మేనమామ రాలేదు. పామర్రులో వాళ్ళింట్లో పూజకి నేను వెళ్ళలేదు. సింధూరి అక్కడికి ఒంటరిగా వెళ్ళి, రెండుచోట్లా "పని ఒత్తిడండీ" అని నలుగురికీ చెప్పుకుంది. ఇంటికొచ్చి నాతో ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఏడు నెలలయ్యాక కృపానందం గారు కలగజేసుకున్నారు. రాజీ మాటలేమీ చెప్పలేదు. కొత్త ఫిల్టరు రాశాననీ, ఇద్దరు వేరువేరు ఆటగాళ్ళ మీద పరీక్షించాల్సిన అవసరం పడిందనీ, ఒక్క ఆదివారం వచ్చి కూర్చుంటే చాలనీ ఇద్దరికీ చెప్పారు. వచ్చాం. ఆ ఆదివారం గొడవ కాలేదు. తరవాతి వారమూ కాలేదు. రెండేళ్ళ పాటు ఒక్క మాట తేడా రాలేదు. ఇదంతా వయసుతోపాటు నాకు వచ్చిన పరిణతి అని నేను నిశ్చయించుకున్నాను. కాలేజీలో సంఘర్షణ, సమన్వయం అన్న పాఠం చెప్పేటప్పుడు పేర్లు చెప్పకుండా ఈ ఉదాహరణ కూడా ఇచ్చేవాణ్ణి.

మొన్న ఆగస్టులో ఒక ఆదివారం. ఆ వచ్చే గురువారమే పామర్రులో కిరీటి కట్టుకున్న కొత్తింటి గృహప్రవేశం. ఆడపడుచు హోదాలో పాలు పొంగించాల్సింది సింధూరి. నెలరోజుల ముందే చీర కొనుక్కుంది. ఆ మధ్యాహ్నం కృపానందం గారు రాలేదు. చర్చిలో సండే స్కూలు పిల్లల వార్షికోత్సవం, అయిదు దాటుతుందని కబురు. నాకు పండగలా అనిపించింది. ఆయన లేని ఆ గంటలో, లక్షలమంది వాడే ఫిల్టరొకటి ఇంటర్నెట్లోంచి దించి నా లాప్‌టాప్‌లో పెట్టేశాను. రెండే రెండు నిమిషాలు పట్టింది. కిరీటి మాత్రం కిందటి వారం కృపానందం గారు ఎక్కించిన నూట మూడో వెర్షనుతోనే ఉన్నాడు.

గుహలోకి దిగాం. నేల మీద రెండేళ్ళుగా నేనెరగని సంపద. దీపావళి ముందు రోజు బీసెంట్ రోడ్డు బజారులా ఉంది. పెద్ద రాక్షసుణ్ణి కొట్టి పడేశాం. ఠంగుమని మోగి ఒక వడ్డాణం పడింది. నాగుపాము పడగలు చెక్కిన వడ్డాణం. నొక్కాను. సంచిలోకి వచ్చింది.

కిరీటి మౌసు మీద చెయ్యి అలాగే ఉంచి అడిగాడు.

"బావా, అది నువ్వు తీశావా?"

"కనపడింది, తీశాను."

"నాకూ కనపడింది."

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. సింధూరి గుమ్మంలోకి రాలేదు. రాలేదన్నదే నాకు బాగా వినపడింది. గురువారం ఆవిడ ఆ చీర కట్టుకుని పామర్రు బస్సులో ఒంటరిగా కూర్చున్నట్టు కళ్ళముందు కదిలింది. అయినా వడ్డాణం వెనక్కివ్వాలని మాత్రం తోచలేదు. మనిషి బుద్ధి గురించి పుస్తకాల్లో చాలా ఉంది, ఇది లేదు.

"రెండేళ్ళ నుంచి ఒక్క వడ్డాణం ముట్టుకోలేదు నువ్వు," అన్నాడు కిరీటి మెల్లిగా. "మారావనుకున్నాను."

"ముట్టుకోవడానికి పడితే కదరా. ఈ ఆటలో వడ్డాణాలు పడటమే మానేశాయనుకున్నాను."

"నిరుడు నాకు పదకొండు దొరికాయి. నీ పక్కనే నిలబడి తీసుకున్నాను. చూసి కూడా వదిలేస్తున్నావని మా ఆవిడతో కూడా చెప్పాను."

నాకు ఏదో తట్టింది. "మరి నేను అమ్ములపొదులన్నీ ఏరుకుంటుంటే నువ్వు పెద్దమనసు చేసుకుని ఊరుకోలేదూ?"

"ఏ అమ్ములపొదులు?" అన్నాడు వాడు.

రెండు లాప్‌టాప్‌లూ పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ ఉన్న నూట మూడో వెర్షను తెరిచాం. పేరు ఒకటే, లోపల రెండు వేరు వేరు ఫైళ్ళు. నా ఫైల్లో వడ్డాణాలూ గదలూ దాచెయ్యమని ఉంది. వాడి ఫైల్లో విల్లులూ అమ్ములపొదులూ దాచెయ్యమని ఉంది. పాత వెర్షన్లు కూడా తిరగేస్తే, ఉంగరాలు ఒక వారం నాకు, ఒక వారం వాడికి. చట్టం ముందు అందరూ సమానులే అని ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్న నన్ను, నా సొంత డైనింగ్ టేబుల్ మీద, వారానికో చట్టంతో పరిపాలించారు.

కోపంతో నాకు మాట రాలేదు. కిరీటికి వచ్చింది కానీ అది ఇక్కడ రాయదగినది కాదు. బావాబావమరుదులం ఇద్దరం ఒకే మనిషి మీద, ఒకే కారణానికి, ఒకే స్థాయిలో కోప్పడటం మా బంధుత్వంలో అదే మొదలు.

అయిదున్నరకి కృపానందం గారు ఒక చేత్తో బైబిలు సంచీ, ఇంకో చేత్తో పిల్లలకి పంచగా మిగిలిన కేకు పెట్టె పట్టుకుని వచ్చారు. ఇద్దరం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి రెండు తెరలూ చూపించాం. ఆయన కళ్ళద్దాలు పైకి జరుపుకుని, నా లాప్‌టాప్‌లో ఇప్పుడు నడుస్తున్న ఫిల్టరు చూసి, "ఇంత ముదురు పసుపా" అని బాధపడ్డారు. మోసం సంగతి చెప్పమన్నాను.

ఆయన చెప్పింది ఇది. వాళ్ళ నాన్న రత్తయ్య గారు పామర్రు పక్కన పంటకాలవ మీద లస్కరు, అంటే తూము తలుపులు ఎత్తీ దించే మనిషి. నీళ్ళు చాలని ఏడాది వంతులు పెట్టేవారు. దిగువ ఊరి వంతు నీళ్ళు ఎగువ ఊరి చేల పక్కనుంచే పోవాలి. కళ్ళముందు పోతుంటే ఎగువ వాళ్ళు గట్టు తెంపేవారు, తలలు పగిలేవి. రత్తయ్య గారు ముందుగా ఇంటింటికీ తిరిగి ఎవరి చేను ఎన్నాళ్ళు ఆగుతుందో అడిగి తెలుసుకునేవారట. ఆ తరవాత ఎగువ ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళి భోజనాలున్నాయో చూసుకుని, వాళ్ళంతా విస్తళ్ళ ముందు కూర్చున్న పూట దిగువకి తలుపు ఎత్తేవారట.

"చూస్తే పారలు పట్టుకొస్తారు మాస్టారూ. చూడకపోతే తాంబూలం వేసుకుని పడుకుంటారు. ఎవరి వాటాలోనూ చుక్క తగ్గించలేదు. ఆయన సర్వీసులో ఒక్క పోలీసు కేసు లేదు."

"మరి మాతో ఒక మాట చెప్పచ్చు కదండీ," అన్నాను.

"చెబితే మీరిద్దరూ వాటాలు సరిచూస్తారు కదండీ," అన్నారాయన.

ప్రతి ఆదివారం కొత్త వెర్షను ఎందుకో అప్పటికి అర్థమైంది. కిందటి వారం ఎవరికి తక్కువ దొరికిందో చూసుకుని, ఈ వారం అటు తూము ఎత్తడానికి. ఆ దిక్కుమాలిన వాఙ్మూలం ఎందుకో కూడా అర్థమైంది. కిరీటి ఆయన నోటు పుస్తకం తీసి మా ఇద్దరి పేజీలూ చూశాడు. "ఉంగరం దొరక్కపోతే" అన్నదాని ఎదురుగా నా జవాబు అదే మూడు రోజులు, వాడిది నాలుగు. వాడు నాకంటే ఎక్కువ చెప్పాడని నాకు కొంత తృప్తి కలిగింది.

అప్పుడు సింధూరి టీ పట్టుకొచ్చి, అప్పటిదాకా మాకు తట్టని ప్రశ్న అడిగింది. "మరి మీ దాంట్లో ఏం కనపడుతుంది అన్నయ్యగారూ?"

ఆయన మొహమాటపడ్డారు. కిరీటి పై అంతస్తుకి పరిగెత్తి ఆయన లాప్‌టాప్ పట్టుకొచ్చి, ఆయన మంత్రగాణ్ణి కూడా గుహలోకి దింపాడు. అదే గుహ, అదే చచ్చిన రాక్షసుడు. మా తెరల మీద సంత. ఆయన తెర మీద నేల ఊడ్చి పెట్టినట్టుంది. నాకు కావలసినవన్నీ దాచేసుకున్నారు. వాడికి కావలసినవన్నీ దాచేసుకున్నారు. ఆ రెండూ తీసేస్తే ఇంకేమీ మిగల్లేదు.

"నేను చూస్తే నాకూ కావాలనిపిస్తుందండీ," అన్నారు కృపానందం గారు, తప్పు ఒప్పుకుంటున్నట్టు. "నేనేమన్నా దేవదూతనా?"

నేను గబగబా వడ్డాణం తీసి గుహలో కిరీటి ముందు పడేశాను. వాడు నువ్వే ఉంచుకో బావా అన్నాడు. నీదేరా అన్నాను. పెద్దవాడివి అన్నాడు. కొత్తిల్లు కట్టుకున్నావు అన్నాను. మేం ఇలా మర్యాదలు చేసుకుంటూ ఉండగా ఆ గుహ టైము అయిపోయి మూసుకుపోయింది. వడ్డాణం ఎవరికీ కాకుండా పోయింది. కృపానందం గారు దాన్ని నోటు పుస్తకంలో ఎవరి పేరు కింద రాయాలో తెలియక చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నారు.

గురువారం అందరం పామర్రు వెళ్ళాం. సింధూరి పాలు పొంగించింది. నేను భోజనాల దగ్గర వడ్డన చూసుకున్నాను. అడగకపోయినా చూసుకున్నాను.

ఆ తరవాతి ఆదివారానికి నేనూ కిరీటీ ఫోన్లలో నాలుగు రోజులు కష్టపడి జీవితంలో మొదటి ఫిల్టరు రాశాం. నూట నాలుగో సవరణ. కృపానందం గారి తెర మీద అన్నీ కనపడాలి. మంత్రగాళ్ళ టోపీలు మా ఇద్దరి తెరల మీదా దాగిపోవాలి. ఈసారి పెన్‌డ్రైవు మేం ఎక్కించాం, ఆయన్ని ముట్టుకోనివ్వలేదు. ఆయన కుర్చీలో కూర్చుని పరీక్ష హాలు బయటి తండ్రిలా గోళ్ళు కొరుక్కున్నారు.

అరగంటకి ఒక టోపీ పడింది. నీలం రాళ్ళు పొదిగిన అపురూపమైన టోపీ. అది మా తెరల మీద దాక్కోవాల్సింది. మేం రూలు ఎక్కడో తిరగేసి రాసినట్టున్నాం. అది మా ఇద్దరికీ బెంజ్ సర్కిల్ హోర్డింగంత అక్షరాలతో ధగధగా వెలుగుతూ కనపడింది. నేను దానికి రెండడుగుల దూరంలో ఉన్నాను. కిరీటి దాని మీదే నిలబడి ఉన్నాడు.

కృపానందం గారు అటు చూసి, మా వంక చూసి, అనుమానంగా అడిగారు. "ఇక్కడ మీకేమన్నా కనపడుతోందా?"

నేను మౌసు మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. కిరీటి బజ్జీ తీసుకున్నాడు.

"ఏముందండీ అక్కడ?" అన్నాను.

"ఖాళీ నేలండీ," అన్నాడు కిరీటి, నోట్లో బజ్జీతో.

ఆయన ఇంకో నిమిషం ఆగారు. తరవాత తప్పు చేస్తున్నవాడిలా నొక్కారు. చిరిగిన పాతది తీసేసి, కొత్త టోపీ పెట్టుకుని, ఒకసారి అటూ ఇటూ తిరిగి చూసుకున్నారు. ఫైలు తెరవలేదు. మూడేళ్ళలో మొదటిసారి మా ఇద్దరికంటే ముందు చెప్పుల్లేని కాళ్ళతో గుహలోకి పరిగెత్తారు. పదకొండు సెకన్లలో చచ్చిపోయారు. అంత సంతోషంగా చచ్చిపోయిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.